తాగని మనిషికి లివరేటి?

మా మావయ్య జీవితంలో బీరు సీసా మూత తీసిన మనిషి కాదు. గాజువాకలో ఆయన్ని చూడ్డానికొచ్చిన ప్రతివాళ్లూ, బత్తాయిల సంచి కింద పెట్టకముందే అత్తని వంటింట్లోకి లాగి అడిగేది ఒకటే: "ఏటమ్మా, చాటుగా తాగీవోడా?" వినీ వినీ ఒళ్లు మండి రాస్తున్నాను.

ఆయనది లివర్ క్యాన్సర్ కాదు. పెద్దపేగు క్యాన్సర్, లివర్‌కి పాకింది. రిపోర్టులో మెటాస్టాసిస్ అని రాస్తారు, ఆసుపత్రి వరండాలో సెకండరీస్ అంటారు. పేరులో ఏముందిలే అనకండి, మందే మారిపోతుంది. లివర్‌లోని గడ్డ నుంచి ముక్క తీసి పరీక్షిస్తే కనిపించేవి పేగు కణాలే, కీమో కూడా పేగు క్యాన్సర్‌దే. శ్రీకాకుళపోడు గాజువాకలో ఇల్లు కట్టుకుంటే వాడి యాస పోతుందా?

లివర్‌కే ఎందుకు పోయిందంటారా? పేగుల్లోంచి వచ్చే రక్తం నేరుగా గుండెకి వెళ్లదు. పోర్టల్ సిరలో ముందు లివర్‌కెళ్తుంది. లివర్‌కి అందే రక్తంలో దాదాపు ముప్పావు వంతు ఆ దారినే వస్తుంది. పేగులో గడ్డ నుంచి కణం ఊడి ఆ రక్తంలో పడితే మొదట తగిలేది లివరే. పొట్ట, క్లోమం క్యాన్సర్లకీ ఇదే దారి. మందు తాగడం వల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది, కాదనను. కానీ తాగని మనిషికి కూడా వస్తుంది బాబూ!

నా అసలు కోపం వేరే. ఎనిమిది నెలలు దొడ్డికెళ్తే రక్తం. సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు, లుంగీ ఉతుకుతూ అత్తే చూసింది. వీధి చివర క్లినిక్‌లో మంచం మీద పడుకోబెట్టి చూసిందీ లేదు, మొలలన్నారు, పూత మందు రాశారు. మొలలు నిజంగానే ఉన్నాయి కూడా, అదే వచ్చిన తంటా. వయసు 58, హిమోగ్లోబిన్ 8. ఐరన్ మాత్రలిచ్చారు గానీ రక్తం ఎటు పోతోందో వెతకలేదు. కొలనోస్కోపీ, అంటే కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, ఆ మాట ఎవరూ ఎత్తలేదు, మేమూ అడగలేదు.

ఇంక "సెకండరీసా, అయితే అయిపోయినట్టే" అని గుమ్మంలోనే గుసగుసలాడేవాళ్లకి ఒక మాట. పేగు నుంచి లివర్‌కొచ్చిన గడ్డలు కొద్దిగానే ఉండి, కోసేశాక మిగిలే లివర్ సరిపోతుందనుకుంటే ఆపరేషన్ చేస్తారు. కొందరికి పూర్తిగా నయమవుతుంది. లివర్ తిరిగి పెరిగే అవయవం. మావయ్యకి కుదురుతుందో లేదో నాలుగు కీమోల తర్వాత స్కాన్ చూసి చెప్తామన్నారు. మూడయ్యాయి.

నిన్న ఒకాయన కామెర్ల పసరు తెచ్చాడు. కామెర్లు లేవండీ అంటే "లివరే కదమ్మా" అన్నాడు. అత్త నవ్వుతూ తీసుకుని, ఆయన బండి సందు మలుపు తిరగ్గానే సీసా మొత్తం పెరట్లో కాలవలో ఒంపేసింది.