సవరణ: కలమళ్ల శాసనం గురించి రాసినదాంట్లో రెండు తప్పులు

మా చరిత్ర బృందం కడప నుంచి ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్లకు, అక్కడి పాత తెలుగు రాతి శాసనం చూడటానికి వెళ్తోందని పోయిన వారం రాశాను. అందులో రెండు మాటలు దిద్దాలి.

మొదటిది సంవత్సరం. శాసనం మీద క్రీ.శ. 575 అని చెక్కి ఉందన్నాను. అది తప్పు. రాతి మీద సంవత్సరమే లేదు. కాలం కట్టడానికి అందులో రేనాటి (నేటి కడప ప్రాంతపు) చోళరాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడి పేరుంది, అంతే. 575 అన్నది అక్షరాల రూపాన్ని బట్టి పండితులు కట్టిన అంచనా. కాబట్టి ‘సుమారు’ అని తప్పకుండా చేర్చాలి. బడి పిల్లలు కూడా నోట్సులో రాసుకున్నారని తెలిసి టెన్షన్ పట్టుకుంది. దయచేసి వాళ్ల చేత దిద్దించండి.

రెండోది ఇంకా ముఖ్యం. అక్షరాలు కనిపించడానికి సుద్దపొడి రుద్దమన్నాను. దయచేసి ఆ పని చేయకండి. పొడి గీతల్లో ఇరుక్కుంటుంది, రుద్దేకొద్దీ అంచులు అరుగుతాయి. వందల ఏళ్ల ఎండావానలకు నిలిచిన అక్షరం మన చేతుల్లో చెరిగిపోకూడదు. నూనె, పసుపు, పెయింటు కూడా వద్దు. పొద్దున్నే ఏటవాలు ఎండలో చూడండి, లేదంటే టార్చి పక్కనుంచి వేయండి. గీతల్లో నీడ పడి అక్షరం తేలుతుంది.

శాసనం అచ్చు తీయడం వేరే పని. రాయి కడిగి, తడి కాగితం పరిచి, బ్రష్షుతో కొట్టి, అది గీతల్లోకి దిగాక సిరా అద్దుతారు. అక్షరాలు తెల్లగా మిగిలి, చుట్టూ నల్లబడుతుంది. దానికి శిక్షణ, అనుమతి రెండూ కావాలి. ఈ ప్రయాణంలో మనం అచ్చు తీయడం లేదు, ఫోటోలు మాత్రమే.

నా పాత సమాచారం ఎవరికైనా పంపి ఉంటే, ఇది కూడా పంపండి.