ఫోటో ఎడిటింగ్ పీసీకి గేమింగ్ లెక్కలు ఎందుకు?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది, దాంతో పాత పీసీతో ఎలాగో నెట్టుకొస్తున్న ఫోటోగ్రాఫర్లు చాలామంది ఇక కొత్తది అసెంబుల్ చేయించక తప్పదని డిసైడ్ అయ్యారు. సరిగ్గా అదే టైమ్‌కి ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్‌లన్నీ ఊడ్చుకుపోవడంతో ర్యామ్ రేట్లు కొండెక్కి కూర్చున్నాయి. క్రూషియల్ పేరుతో ఏళ్ళ తరబడి మామూలు జనానికి ర్యామ్, ఎస్ఎస్‌డీలు అమ్మిన మైక్రాన్ కంపెనీ అయితే 2025 డిసెంబర్‌లో ఆ వ్యాపారం నుంచే తప్పుకుంటున్నామని ప్రకటించేసింది. ఇలాంటి టైమ్‌లో ఒక పార్ట్ మీద అనవసరంగా పెట్టిన ప్రతి రూపాయీ ఇంకో పార్ట్‌కి గండి కొడుతుంది.

ఆ గండి ఎక్కువగా ఎక్కడ పడుతోందంటే మానిటర్‌కి. ప్రాసెసర్ ఏది తీసుకోవాలి, గ్రాఫిక్స్ కార్డు ఏది తీసుకోవాలి అని నెలరోజులు తర్జనభర్జన పడి, చివర్లో మిగిలిన డబ్బుతో ఏదో ఒక స్క్రీన్ పట్టుకొచ్చేస్తారు. దీనికి కారణం లేకపోలేదు, పీసీ పార్టుల మీద జరిగే చర్చంతా దాదాపు గేమింగ్ వాళ్ళు నడిపేదే, అందులో ప్రతిదీ సెకనుకి ఎన్ని ఫ్రేములు వచ్చాయన్న లెక్కలోనే తేలుతుంది. ఫోటో ఎడిటింగ్ అలా ఉండదు. మనిషి ఒక స్లైడర్ జరుపుతాడు, చూస్తాడు, ఆలోచిస్తాడు, కాస్త వెనక్కి లాగుతాడు, ఈలోగా మెషిన్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది, మధ్యమధ్యలో ఒక్కసారి నెత్తిన పని పడుతుంది. గంటలకి గంటలు ఫుల్ లోడ్ మీద నడిచే గేమ్‌కి రాసిన పార్టుల లిస్టుని అలాగే దీనికి దించేస్తే డబ్బులు తప్పుడు చోటికి పోతాయి.

నన్నడిగితే వరస తిప్పెయ్యాలి. ముందు మానిటర్, తర్వాత స్టోరేజీ, ర్యామ్, ఆ తర్వాతే ప్రాసెసర్, చిట్టచివర గ్రాఫిక్స్ కార్డు. ఆ చివరిదానికి మాత్రం ఒక పెద్ద మినహాయింపు ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తా.

మానిటర్ ముందెందుకంటే, మనం తీసుకునే ప్రతి నిర్ణయం దాన్ని చూసే తీసుకుంటాం. ప్రాసెసర్ స్లో అయితే పని లేటవుతుంది అంతే, మానిటర్ అబద్ధం చెప్తే పని మొత్తం తప్పవుతుంది, అదీ మనకి తెలీకుండానే. బాక్స్ మీద 100 శాతం ఎస్ఆర్‌జీబీ అని రాసుంటే చాలామంది తృప్తి పడిపోతారు. ఎస్ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తయారు చేసిన కలర్ స్పేస్, అప్పటి డబ్బా మానిటర్లు ఎంత చూపించగలవో ఆ లెక్కలో కట్టింది. కలర్ స్పేస్ అంటే ఏయే రంగులు చూపించొచ్చో గీసుకున్న హద్దు. ఫోటోలు ఎక్కువగా ఫోన్లలో, వెబ్‌లో చూపించుకునే వాళ్ళకి ఇప్పటికీ అది సరిపోతుంది, ఇంకాస్త కావాలంటే అంతకన్నా ఎక్కువ రంగులుండే పీ3 అనే కలర్ స్పేస్ కవర్ చేసే స్క్రీన్ తీసుకోవచ్చు, ఎందుకంటే ఐఫోన్లు 2016లో వచ్చిన ఐఫోన్ 7 నుంచీ పీ3 చూపిస్తున్నాయి. ప్రింట్‌కి వెళ్ళేవాళ్ళకి మాత్రం అడోబీ ఆర్‌జీబీ కావాలి, మంచి ఇంక్‌జెట్ ప్రింటర్ వేయగలిగే కొన్ని ఆకుపచ్చలు, నీలం కలిసిన పచ్చలు ఎస్ఆర్‌జీబీ స్క్రీన్ మీద అసలు కనపడనే కనపడవు. అలాగని అందరూ ఎగబడి ఇలా ఎక్కువ రంగులు చూపించే వైడ్ గ్యామట్ మానిటర్ కొనక్కర్లేదు. కలర్ మేనేజ్‌మెంట్ తెలీని సాఫ్ట్‌వేర్‌లో అదే స్క్రీన్ మీద మనుషుల మొహాలు టొమాటోల్లా కనపడతాయి, అది చూసి సాచురేషన్ (రంగుల గాఢత) తగ్గించేశారా, అవతల ఫోన్లో చూసేవాడికి ఫోటో పాలిపోయి కనిపిస్తుంది.

బాక్స్ మీద రాయని సంగతి ఇంకోటుంది. స్క్రీన్ మొత్తం ఒకే బూడిద రంగు నింపి చూడండి, చవక ప్యానెల్ అయితే ఒక మూల కాస్త గులాబీ రంగులోకి, ఇంకో మూల కాస్త ఆకుపచ్చలోకి తిరిగి ఉంటుంది, అంచులు మధ్యకన్నా మసగ్గా ఉంటాయి. అలాంటి స్క్రీన్ మీద పెళ్ళి గౌను తెలుపు సరిగ్గా ఉందా లేదా అనేది ఫోటోని ఏ మూలకి జరిపారన్నదాని మీద ఆధారపడుతుంది! ఐపీఎస్ (పక్కనుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం) ప్యానెల్, 27 అంగుళాల సైజులో 4కే అయితే అంగుళానికి 163 పిక్సెళ్ళు వస్తాయి, అదే సైజులో 1440పీ అయితే 109. షార్ప్‌నెస్ చూసేటప్పుడు ఆ తేడా కంటికి బాగానే తెలుస్తుంది, కానీ 4కేనా, రంగు సమంగా ఉండటమా అని తేల్చుకోవాల్సొస్తే నేను కళ్ళు మూసుకుని రెండోదానికే ఓటేస్తా.

దాంతోపాటు స్క్రీన్ రంగుల్ని కొలిచి సరిచేసే (క్యాలిబ్రేషన్) కలరీమీటర్ అనే పరికరం ఒకటి బడ్జెట్‌లో మొదటి నుంచే వేసుకోవాలి, ఎక్స్‌ట్రా యాక్సెసరీ అనుకుని పక్కనపెట్టేది కాదు. "ప్రింట్ నల్లగా వచ్చింది" అని ల్యాబ్ వాళ్ళ మీద అరిచే కేసుల్లో చాలావాటికి అసలు కారణం మానిటర్ వెలుతురు. కొత్త మానిటర్లు చాలావరకు 300 నిట్లు (వెలుతురుకి కొలత), ఆ పైన వెలుతురుతో బాక్స్‌లోంచి బయటికొస్తాయి, ప్రింట్ పనికి 80 నుంచి 120 మధ్య పెట్టుకోవాలి. ఆ 300 నిట్ల వెలుగులోనే ఎడిట్ చేస్తే ఫోటో బాగా బ్రైట్‌గా ఉందనిపించి మనమే తగ్గించేస్తాం, కాగితానికేమో సొంత వెలుతురు ఉండదాయె.

ఇక ర్యామ్. రేట్లు ఇలా ఉన్నప్పుడు ఎంత కావాలో ఊహించుకోవడం కాదు, లెక్కేసుకోవాలి, లెక్క చాలా సింపుల్. 45 మెగాపిక్సెల్ కెమెరా ఇచ్చే ఫోటో 8256 × 5504 పిక్సెళ్ళు. ఫోటోషాప్‌లో 16 బిట్‌లో తెరిస్తే ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, పచ్చ, నీలం మూడు రంగులకీ రెండేసి బైట్లు, అంటే మొత్తం 6 బైట్లు, గుణిస్తే ఒక్క లేయర్‌కే దాదాపు 270 ఎంబీ. అలాంటివి పది లేయర్లు వేస్తే 2.7 జీబీ, దానిమీద మాస్కులు, స్మార్ట్ ఆబ్జెక్టులు, వెనక్కి వెళ్ళడానికి దాచుకునే హిస్టరీ, పక్కన ఫోటోలు సర్ది సవరించే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్, బ్రౌజర్‌లో ఓ ఇరవై ట్యాబులు. ఫోటోషాప్ మామూలుగా ఖాళీ ర్యామ్‌లో 70 శాతం వరకే తీసుకునేలా సెట్ చేసి ఉంటుంది, అది నిండితే స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ బదులు తాత్కాలికంగా వాడుకునే డ్రైవు) మీదికి రాయడం మొదలెడుతుంది, బ్రష్ ఈడ్చుకుంటూ నడిచేది అప్పుడే. 24 మెగాపిక్సెల్ ఫోటోలకి లైట్‌రూమ్‌లో చిన్నచిన్న సవరణలు చేసుకునే వాళ్ళకి 16 జీబీతో నడిచిపోతుంది, లేయర్లతో పని చేసేవాళ్ళకి 32 సుఖం, పనోరమాలు, ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు ఫోకస్‌తో తీసిన ఫోటోల్ని ఒకటిగా కలపడం) చేసేవాళ్ళకే 64. అంతకు మించి ఈ రేట్లలో కొనడం షోకు కిందే లెక్క.

"ఇప్పుడు రెండు ర్యామ్ స్టిక్కులు వేసి తర్వాత ఇంకో రెండు వేద్దాం" అనే ప్లాన్ పాత తరం ర్యామ్ డీడీఆర్4 రోజుల్లో నడిచింది, ఇప్పటి డీడీఆర్5లో జాగ్రత్తపడాలి. రైజెన్ 7000 ప్రాసెసర్లకి ఏఎమ్‌డీ అఫీషియల్‌గా ఇచ్చిన స్పీడ్ రెండు స్టిక్కులైతే 5200 ఎంటీ/ఎస్ (సెకనుకి ఇన్ని మిలియన్ల డేటా బదిలీలు), నాలుగు వేస్తే 3600కి పడిపోతుంది. కాబట్టి ఎంత కావాలో ముందే తేల్చుకుని రెండే స్టిక్కుల్లో తీసుకోండి. అలాగే బయోస్‌లోకి (పీసీ ఆన్ అవ్వగానే వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్ళి, ర్యామ్‌ని దాని పూర్తి స్పీడులో నడిపే ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ ఆన్ చేశారో లేదో చూస్కోండి, ఆన్ చెయ్యకపోతే డబ్బులు పెట్టి కొన్న స్పీడ్ బాక్స్ మీదే మిగిలిపోతుంది.

స్టోరేజీలో అందరూ ఎస్ఎస్‌డీ స్పీడ్ గురించే మాట్లాడతారు, నాకు అది సగం వృథా చర్చ అనిపిస్తుంది. కొత్త తరం జెన్ 5 డ్రైవు సెకనుకి 14000 ఎంబీ దాకా చదువుతుందని ప్రచారం, దాని ముందు తరం జెన్ 4 అయితే 7000. సరే, ఆ డ్రైవులోకి ఫోటోలు ఎక్కడ్నుంచి వస్తాయి? కెమెరా కార్డు నుంచి. ఒక ఫంక్షన్‌లో 2000 ఫోటోలు తీశారు, ఒక్కో రా ఫైల్ (కెమెరా ఏ మార్పూ చెయ్యకుండా ఇచ్చే ఫైల్) 50 ఎంబీ అనుకుందాం, మొత్తం 100 జీబీ. యూహెచ్‌ఎస్-1 ఎస్‌డీ కార్డుకి స్టాండర్డ్ ప్రకారం హద్దు సెకనుకి 104 ఎంబీ, అంటే ఎంత గొప్ప ఎస్ఎస్‌డీ పెట్టినా కాపీకి పావుగంట పైనే. యూహెచ్‌ఎస్-2 కార్డు హద్దు 312, కానీ దానికి వెనకాల రెండో వరస పిన్నులుంటాయి, రీడర్‌లో ఆ రెండో వరస లేకపోతే ఆ కార్డు కూడా మొదటి రకంలాగే నడుస్తుంది. ఇక క్యాబినెట్ ముందువైపు యూఎస్‌బీ 2.0 పోర్టులో రీడర్ గుచ్చితే సెకనుకి 40 ఎంబీ దాటడం కష్టం, అదే 100 జీబీకి 40 నిమిషాలు దాటిపోతుంది. పావుగంట పనిని 40 నిమిషాలు చేసేది ప్రాసెసర్ కాదు, ఎవ్వరూ పట్టించుకోని ఆ పోర్టు. కాబట్టి క్యాబినెట్ కొనేటప్పుడు రంగురంగుల లైట్లు తర్వాత, ముందు పోర్టులు చూడండి, వాటి కేబుల్‌కి మదర్‌బోర్డులో సరైన హెడర్ (కేబుల్ గుచ్చే చోటు) ఉందో లేదో కూడా.

మామూలు జెన్ 4 ఎన్‌విఎంఈ ఎస్ఎస్‌డీ ఒకటి, విండోస్‌కి, లైట్‌రూమ్ క్యాటలాగ్‌కి, ప్రివ్యూలకి, ప్రస్తుతం చేస్తున్న ఫోటోలకి సరిపోతుంది. మరీ చవగ్గా దొరికే క్యూఎల్‌సీ డ్రైవులు మొదట్లో పరుగెడతాయి, పెద్ద కాపీ మధ్యలో క్యాష్ (వేగంగా రాసుకోడానికి లోపల ఉంచిన కొద్దిపాటి తాత్కాలిక చోటు) నిండగానే చతికిలపడతాయి. పాత ఫోటోలకి హార్డ్‌డిస్కే మంచిది, డేటా వరసల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి రాసే ఎస్ఎంఆర్ రకం కాకుండా విడివిడిగా రాసే సీఎంఆర్ రకం చూసి తీసుకుంటే పెద్ద పెద్ద కాపీలప్పుడు విసిగించదు. పోతే, ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన బ్యాకప్‌కి 3-2-1 లెక్క ఉండనే ఉంది, మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే చోట. జెన్ 5 మానేసి మిగిలిన డబ్బు రెండో హార్డ్‌డిస్క్‌కి పెడితే ఆ లెక్కలో కొంత పూర్తయినట్టే.

ప్రాసెసర్ మీద ఎక్కువ రాయడానికి ఏమీ లేదు, ఇప్పుడొచ్చేవన్నీ బాగానే ఉన్నాయి. ఫోటోషాప్‌లో చాలా పనులు ఒకటి రెండు కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) మీదే నడుస్తాయి కాబట్టి కోర్ల సంఖ్య కన్నా ఒక్కో కోర్ స్పీడ్ ముఖ్యం, 6 లేదా 8 మంచి కోర్లుంటే హాయి. వేలకొద్దీ ఫోటోలకి ప్రివ్యూలు కట్టడం, ఒకేసారి బోలెడు ఎక్స్‌పోర్ట్ చేయడం రోజూ ఉండేవాళ్ళకి ఎక్కువ కోర్లు పనికొస్తాయి. ఏఎమ్‌డీలో పేరు చివర ఎక్స్3డీ అని ఉండేవాటికి గేముల్లో మంచి పేరుంది, వాటిలో ఉండే ఎక్స్‌ట్రా క్యాష్ మెమరీ ఫోటో పనికి పెద్దగా ఉపయోగపడదు, దాని బదులు అదే తరం మామూలు మోడల్ చాలు. సెకండ్ హ్యాండ్‌లో ఇంటెల్ 13, 14 తరాల పెద్ద మోడల్స్ కొనేవాళ్ళు మాత్రం ఒక్కటి గుర్తుపెట్టుకోండి, వోల్టేజీ వల్ల అవి దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్లే ఒప్పుకుని అప్‌డేట్లు ఇచ్చింది, వారంటీ రెండేళ్ళు పెంచింది. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ని ఆ అప్‌డేట్ బాగుచెయ్యదు.

ఇప్పుడా మినహాయింపు. కొన్నేళ్ళ కిందటిదాకా ఫోటోలకి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు అంటే ఎవరూ కాదనేవారు కాదు. 2022లో లైట్‌రూమ్ క్లాసిక్ ఎక్స్‌పోర్ట్‌కి కూడా కార్డుని వాడటం మొదలెట్టింది, 2023 ఏప్రిల్‌లో తక్కువ వెలుతుర్లో ఫోటోకి పట్టే గరుకుని తుడిచేసే ఏఐ డీనాయిస్ వచ్చాక కథే మారిపోయింది. ఆ ఒక్క బటన్‌కి మంచి కార్డు సెకన్లలో జవాబిస్తే ప్రాసెసర్‌లో ఉండే గ్రాఫిక్స్ నిమిషాలు తీసుకుంటుంది. చీకట్లో స్టేజీ ప్రోగ్రాములు, పక్షులు, రాత్రి ఆకాశం తీసేవాళ్ళు వందల ఫోటోలు దానికి వేస్తారు, వాళ్ళకి కనీసం 8 జీబీ మెమరీ ఉన్న మధ్యస్థాయి కార్డు కావాల్సిందే, లేకపోతే రాత్రంతా మెషిన్ వదిలేసి పడుకోవాలి. పగటి వెలుతుర్లో పోర్ట్రెయిట్లు, ప్రొడక్టులు తీసేవాళ్ళు కార్డు లేకుండా బాగానే బతికేస్తారు, కాకపోతే ప్రాసెసర్ మోడల్ పేరు చివర ఎఫ్ అక్షరం లేకుండా చూస్కోవాలి, ఎఫ్ ఉంటే లోపల గ్రాఫిక్స్ పనిచెయ్యదు, స్క్రీనే రాదు. 10 బిట్ రంగులకి (ఒక్కో రంగులో మరిన్ని సన్నని ఛాయలకి) ఖరీదైన వర్క్‌స్టేషన్ కార్డే కావాలని చెప్పేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఎన్విడియా 2019 జులైలోనే స్టూడియో డ్రైవర్‌తో మామూలు జీఫోర్స్ కార్డులకీ ఆ వసతి ఇచ్చేసింది.

పీసీకి కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ విషయానికొస్తే 650 వాట్లు చాలు, పేరున్న మోడల్ తీసుకోండి. గోల్డ్, బ్రాంజ్ అని ఉండే 80 ప్లస్ బ్యాడ్జి కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తుంది, లోపలి సరుకు ఎంత గట్టిదో చెప్పదు.

ఇవన్నీ చదివాక కూడా నా పనికి ఏది తక్కువైందో తేలట్లేదు అంటే, ఇప్పుడున్న పీసీలోనే టాస్క్ మేనేజర్ తెరిచి పక్కన పెట్టుకుని రోజూ చేసే పని చేయండి. ఫోటోషాప్ ఆగిపోయిన క్షణంలో మెమరీ 95 శాతం చూపిస్తోందా, డిస్క్ గీత 100కి అతుక్కుపోయిందా, లేక ఒక్క కోర్ మాత్రం మండుతూ మిగతావి నిద్రపోతున్నాయా అన్నది కళ్ళకే కనిపిస్తుంది. డీనాయిస్ నడిచేటప్పుడు మాత్రమే మెషిన్ నెమ్మదిస్తోందనుకోండి, మిగతా పార్టులన్నీ అలాగే ఉంచి ఒక్క కార్డు కొనుక్కుంటే సరిపోతుంది. అదీ తేలకపోతే ముందు మంచి మానిటర్, 32 జీబీ, మామూలు ప్రాసెసర్‌తో పీసీ కట్టించేసి కార్డు స్లాట్ ఖాళీగా వదిలేయండి. పెద్ద కార్డుకి సరిపడా క్యాబినెట్‌లో పొడవు, ఎస్ఎంపీఎస్‌లో దానికి కావాల్సిన కేబుల్ మాత్రం ఈరోజే చూసి తీసుకోండి, తర్వాత మార్చాలంటే వైర్లన్నీ పీకి మొదటికి రావాల్సిందే.