ఫుట్‌బాల్ గేమ్ కంపెనీ వారికి పాలమూరు నుంచి కొన్ని సూచనలు

మనమే కోచ్‌గా టీమును నడిపే కంప్యూటర్ గేమ్ 'ఫుట్‌బాల్ మేనేజర్' తయారుచేసేవాళ్లు 2025 ఫిబ్రవరిలో ఒక వింత పని చేశారు. తాము అనుకున్నట్టు రాలేదని ఆ ఏడాది ఎడిషన్‌నే రద్దు చేసి, ఆ ముక్క బయటికి చెప్పి, ముందే డబ్బు కట్టినవాళ్లకు వాపసిస్తామన్నారు. మా దగ్గర టోర్నమెంట్ రద్దయితే పొద్దున్నే గ్రౌండ్‌కు పోయి, షామియానా గుంతలు చూసి మనమే అర్థం చేసుకోవాలి. ఇంత నిజాయితీ గల కంపెనీకి సలహాలిస్తే వృథా పోవని ఇది రాస్తున్నా.

ముందు గ్రౌండ్ సంగతి. మీ గేమ్‌లో గ్రౌండ్ ఎప్పుడు చూసినా పచ్చగా, ఖాళీగా ఉంటుంది, అక్కడే నమ్మకం పోతోంది. జిల్లా కేంద్రంలో గ్రౌండ్ అంటే పొద్దున వాకింగ్ వాళ్లది, తర్వాత టెన్నిస్ బాల్ క్రికెట్ వాళ్లది, దసరా ముందు బతుకమ్మది, ఎలక్షన్లొస్తే హెలికాప్టర్‌ది, ఇంకా ఏమైనా మిగిలితే ఫుట్‌బాల్‌ది. ఆటగాళ్లను 4-3-3 వరసలో పెట్టాలా, 4-4-2 పెట్టాలా అనేది తర్వాత చూసుకుందాం. పెనాల్టీ ఏరియాలో పక్క మ్యాచ్ డీప్ మిడ్‌వికెట్ ఫీల్డర్ నిలబడి ఉన్నాడు, వాణ్ని జరిపే టాక్టిక్ ఇవ్వండి. అరిస్తే కదలడు. "తమ్మీ, ఒక్క అర్ధగంట" అని బతిమాలితే ఓవర్ అయ్యాక ఆలోచిస్తాడు.

ఆటగాడి పాసింగ్‌కు, పట్టుదలకు 1 నుంచి 20 దాకా మార్కులేస్తారు కదా, మరి పదో తరగతి మార్కులేవి? మీ లెక్కలో మంచి లెఫ్ట్ వింగర్ పోతే కనీసం అవతలి క్లబ్ డబ్బిస్తుంది. ఇక్కడ జూన్ రాగానే వాళ్ల నాయిన ఎదురు ఫీజు కట్టి మరీ పిల్లగాణ్ని హైదరాబాద్‌లో రెసిడెన్షియల్ కాలేజీలో పడేస్తాడు, కోచ్‌కు చెప్పను కూడా చెప్పడు. ఏజెంట్‌గా మేనమామను పెట్టండి. "స్పోర్ట్స్ కోటాలో సీటొస్తదా సార్?" అన్న ప్రశ్నకు కోచ్ చెప్పే జవాబును బట్టి పిల్లగాడు రేపు ప్రాక్టీస్‌కు వచ్చేదీ రానిదీ తేలాలి.

ఇంకోటి, మీ అసిస్టెంట్ కోచ్‌ను మార్చండి. 1962 ఆసియా క్రీడల ఫైనల్‌లో ఇండియా కోచ్, మన హైదరాబాద్ రహీం సాబ్, తలకు కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ఫార్వర్డ్‌లో ఆడించాడు; ఆయన గోల్ కొట్టాడు, దక్షిణ కొరియా మీద 2-1తో స్వర్ణం వచ్చింది. ఇదే పని మీ గేమ్‌లో చేయబోతే అసిస్టెంట్ వద్దంటే వద్దంటాడు.

ఇక ముఖ్య అతిథి. ఇది లేకుండా మ్యాచ్ ఎట్లా మొదలుపెడుతున్నారో నాకైతే అంతుపట్టదు. పది గంటలన్న మనిషి పన్నెండున్నరకు వస్తాడు, అప్పటిదాకా రెండు టీములూ ఎండలో వరసగా నిలబడాలి, స్టామినా అక్కడే సగం కొట్టేయండి. తర్వాత ఆయన తెల్లచొక్కా సర్దుకుని, ఫోటోగ్రాఫర్ వైపు చూస్తూ బాల్‌ను తంతాడు. బాల్ ఉన్నచోటే ఉంటుంది, చెప్పు మాత్రం పోయి గోల్‌కీపర్ దగ్గర పడుతుంది. మీ గ్రాఫిక్స్ వాళ్ల పనితనం అక్కడ చూపించాలి. చెప్పు తెచ్చివ్వడానికి పరిగెత్తిన పీఈటీ సార్‌కు వర్క్‌రేట్ 20.

కప్పు గెలవగానే గేమ్ ముగించకండి. క్యాష్ ప్రైజ్ స్టేజీ మీద ప్రకటించిన దాత ఫోన్ ఎత్తేదాకా ఇంకో సీజన్ నడవాలి. స్విచాఫ్ వస్తే, ముందు సేవ్ చేసుకున్న చోటికి వెనక్కి పోయి మళ్లీ ఆడే వీలు ఇవ్వొద్దు, మాకూ లేదు.