మామగారి పద్మినికి నేను చేసిన వైద్యం

మా మామగారికి ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు, ఒక పద్మిని. ఈ నలుగురిలో ముద్దు ఎవరిదో ఇంట్లో అందరికీ తెలుసు. 1982 మోడల్ ప్రీమియర్ పద్మిని, మీగడ రంగు, స్టీరింగ్ పక్కనే గేరు కడ్డీ. మేష్టారుగా పనిచేసే రోజుల్లో ఒక డాక్టరుగారి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నారట. పెళ్ళిచూపులకి వెళ్ళినప్పుడు నాకు పిల్లని చూపించకముందు దాన్నే చూపించారు. బాగుందన్నాను. సంబంధం కుదిరింది ఆ మాటతోనేనని నా అనుమానం.

మొన్న మేం రాజమండ్రి వెళ్ళేసరికి పద్మినికి దగ్గు పట్టుకుంది. స్టార్ట్ అవుతోంది గానీ మిస్సింగ్ కొడుతోంది. మర్నాడు పొద్దున్నే అన్నవరంలో వ్రతం. మెకానిక్ సాయిబుగారు సాయంత్రం గానీ రానన్నారు.

"ఈ మాత్రం దానికి ఆయనెందుకు మామయ్యగారూ? నేను చూస్తాగా," అన్నాను.

నా అర్హత రెండున్నర వీడియోలు. మూడోది సగంలో ఉండగా నెట్ అయిపోయింది.

మొదటి గంట మాత్రం బ్రహ్మాండంగా గడిచింది. సిలిండర్లకి కరెంట్ పంచిపెట్టే డబ్బా డెల్కో. దాని మూత తియ్యాలంటే దానికున్న వైర్లు ఊడదియ్యాలనుకున్నాను. నాలుగు సిలిండర్లలో మంట ఒకటి, మూడు, నాలుగు, రెండు వరసలో పడుతుంది. ఆ వరస తప్పితే ఇంజన్ దగ్గడం మానేసి తుపాకీలా పేలుతుంది. అందుకని మా ఆవిడ దగ్గర బొట్టుబిళ్ళల అట్ట తీసుకుని మొదటి వైరుకి ఒకటి, రెండోదానికి రెండు, అలా పది బిళ్ళలు అంటించాను. లోపల కరెంట్‌ని కలిపి తెంచే పాయింట్ నల్లగా మాడిపోయి ఉంది. విప్పి, ఎమరీ కాగితంతో తళతళలాడేలా రుద్ది, మళ్ళీ బిగించాను. మామగారు పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని వక్క నములుతూ, "మా అల్లుడుగారికి పనితనం ఉందండోయ్," అని ప్రహరీ అవతలికి కూడా వినపడేలా అన్నారు.

సెల్ఫ్ కొట్టాను. గిర్ర్ మంది, అంతే. ఇందాకటి దగ్గు కూడా లేదు.

చోక్ లాగి కొట్టాను, నెట్టి కొట్టాను. పెట్రోల్ వాసన వీధి చివరిదాకా వెళ్ళింది. దానివెంట జనం వచ్చారు. ఎదురింటి రిటైర్డ్ పోస్ట్‌మాస్టరుగారు పెట్రోల్ అయిపోయి ఉంటుందన్నారు, ముక్కు మూసుకుని మరీ. బ్యాటరీ పోయిందని ఒకాయన, దిష్టి తగిలిందని ఒకావిడ తేల్చారు. ఒక కుర్రాడు, "ఆఫ్ చేసి ఆన్ చేశారా అంకుల్?" అని అడిగాడు. అసలు ఆన్ అయితే కదా నాయనా.

సిలిండర్లలో మంట రాజేసే ప్లగ్గులు విప్పి చూస్తే పెట్రోల్లో స్నానం చేసి ఉన్నాయి. వేడి చేసి ఆరబెడితే సరిపోతుందని ఎక్కడో విన్నాను. వంటింట్లో స్టవ్ మీద ఉన్న పెనం మీద నాలుగింటినీ వరసగా పేర్చాను. అది అట్ల పెనమనీ, దాన్ని ముప్ఫయ్యేళ్ళుగా అట్లకి తప్ప వాడలేదనీ నాకెవరూ చెప్పలేదు. అత్తగారు వచ్చి చూశారు. ఏమీ అనలేదు. అల్లుణ్ణి కదా. కూతుర్ని పిలిచి అన్నారు. ఆవిడ వచ్చి మొత్తం నాకు అప్పజెప్పింది.

తరవాత కరెంట్ పరీక్ష. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొసని ఇంజన్ ఇనుముకి దగ్గరగా పెట్టి సెల్ఫ్ కొడితే నీలం రంగు మెరుపు దూకాలి. వైరు పట్టుకోమని బావమరిదిని పిలిచాను. కాయిల్ బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులని వేలకివేలు చేసి పంపిస్తుందని చెప్పాక వాడి మొహం పాలిపోయింది. రెండు జతల రబ్బరు చెప్పులు, అత్తగారి వంటింటి మసిగుడ్డ, కటింగ్ ప్లయర్, ఇన్ని కవచాలతో వైరు పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సెల్ఫ్ కొట్టాను. మెరుపు లేదు, షాకు లేదు. "ఏం కాలేదు బావా!" అని వాడు ఎగిరి గంతేశాడు. ఏదో ఒకటి కావాలనే కదురా నా బాధ.

ఇక తొయ్యడం. మన మెకానిక్కులు డెల్కో అనే మాట నిజానికి అమెరికాలో ఒక కంపెనీ పేరు. అది పెట్టినవాళ్ళలో చార్లెస్ కెటరింగ్ ఒకడు. 1912లో కాడిలాక్ కార్లకి వచ్చిన సెల్ఫ్ స్టార్టర్ ఆయన పుణ్యమే. హ్యాండిల్ తిప్పి చేతులు విరగ్గొట్టుకునే బాధ తప్పింది. నడుముల సంగతి మాత్రం ఆ మహానుభావుడు ఆలోచించినట్టు లేడు. అయిదుగురం కలిసి వీధి ఈ కొస నుంచి ఆ కొసకి తోశాం, మళ్ళీ ఆ కొస నుంచి ఈ కొసకి. కరెంటే రాని ఇంజన్ తోస్తే మాత్రం ఎలా అంటుకుంటుంది? ఈ జ్ఞానం రెండో కొస దగ్గర కలిగింది.

అయిదింటికి సాయిబుగారు వచ్చారు. బానెట్ ఎత్తి వైర్ల మీద బొట్టుబిళ్ళలు చూసి, "పూజ కూడా అయిపోయిందా మేష్టారూ?" అన్నారు. డెల్కో మూత తీశారు. పాయింట్ మధ్యలో అగ్గిపుల్ల దూర్చి తెరిచి ఉంచి, తన బల్బు వైరు దానికి తాకించారు. వెలగలేదు.

"పాయింట్ మూసినా ఎర్తే, తెరిచినా ఎర్తే," అన్నారు.

ఆ పాయింట్ తెరుచుకుని కరెంట్ తెగినప్పుడే కాయిల్ మెరుపు ఇస్తుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే పాయింట్ 6000 సార్లు తెరుచుకోవాలి. మాది కంటికి తెరుచుకుంటూనే ఉంది, కరెంట్ మాత్రం తెగట్లేదు. ఎక్కడో ఇనుముకి తగిలి పక్కదారిన పోతోంది.

"ఇది విప్పింది ఎవరు?"

ఎవరూ నా పేరు చెప్పలేదు. అందరూ నావైపు చూశారు.

"కరెంట్ ఇనుముకి తగలకుండా ఈ మర కింద చిన్న బిళ్ళ ఉండాలి బాబూ. గోధుమరంగుది, మధ్యలో బెజ్జం."

నా గుండె జారింది. "వక్కపలుకులా ఉంటుందా?"

"అచ్చం అలాగే ఉంటుంది."

పొద్దున్న విప్పుతున్నప్పుడు అది రాలి కింద పడింది. చూశాను. మామగారి నోట్లోంచి జారిన వక్క అనుకున్నాను. పెద్దాయన చిన్నబుచ్చుకుంటారేమోనని ఆయన చూడకుండా కాలితో మురిక్కాలవలోకి తోసేశాను, మర్యాదగా.

ఆదివారం, షాపుల్లేవు. సాయిబుగారు నా పర్సు అడిగారు. డబ్బుకేమో అనుకున్నాను. గడువు తీరిన ఏటీఎం కార్డు ఒకటి లాగి, అత్తగారి కత్తెరతో గుండ్రంగా కత్తిరించి, సూది కాల్చి బెజ్జం పొడిచి, మర కింద పెట్టి బిగించారు. "కొత్తది వచ్చేదాకా ఇది కాస్తుంది," అన్నారు. అగ్గిపుల్ల దూరిస్తే బల్బు వెలిగింది. మామగారు తాళం తిప్పిన మొదటి సెల్ఫ్‌కే పద్మిని అందుకుంది, దగ్గు లేకుండా. బావమరిది చప్పట్లు కొట్టాడు. నేను కూడా కొట్టాను, కాస్త ఆలస్యంగా.

మర్నాడు వ్రతం పూర్తిచేసుకుని అన్నవరం కొండ దిగుతున్నాం. దారిపొడుగునా మామగారు నా వైద్యం గురించి ఒక్క ముక్క ఎత్తలేదు. దిగువన చెట్టు కింద కారాపి ప్రసాదం తిన్నాక, తాంబూలం పళ్ళెం నా ముందుకి జరిపారు.

"తీసుకోండి అల్లుడుగారూ. ఎందుకైనా మంచిది, బెజ్జం ఉందేమో చూసి మరీ వేసుకోండి."