మొదటి కథనం వేసిన మచ్చ

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, హిల్స్‌బరో స్టేడియంలో ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి వచ్చిన లివర్‌పూల్ జట్టు అభిమానులు కంచెల మధ్య తొక్కిసలాటలో ఇరుక్కుని ఊపిరాడక నలిగిపోయారు. ఆ దుర్ఘటన మొత్తం 97 మందిని బలితీసుకుంది. నాలుగో రోజున 'ద సన్' పత్రిక మొదటి పేజీలో 'నిజం' అని పెద్ద శీర్షిక పెట్టింది. అభిమానుల్లో కొందరు బాధితుల జేబులు కొట్టారని, పోలీసుల మీద మూత్రవిసర్జన చేశారని రాసింది. పోలీసు వర్గాలు, ఒక ఎంపీ చెప్పిన మాటలే దానికి ఆధారం. ఆగస్టుకల్లా, దుర్ఘటనపై విచారణ జరిపిన న్యాయమూర్తి జస్టిస్ టేలర్ మధ్యంతర నివేదిక వచ్చింది. జనాన్ని నియంత్రించడంలో పోలీసుల వైఫల్యమే ప్రధాన కారణమని తేల్చింది. అయినా మచ్చ పోలేదు. పత్రిక మొదటి పేజీ క్షమాపణ 2012లో వచ్చింది. అభిమానుల తప్పేమీ లేదని మరణ విచారణ జ్యూరీ చెప్పేసరికి 2016 అయింది.

అసలు సంగతి నాలుగు నెలల్లోనే బయటికొచ్చినా ఆ అబద్ధం అన్నేళ్లు ఎలా బతికింది? ఫుట్‌బాల్ అభిమానులంటే తాగుబోతులు, రౌడీలు అన్న అభిప్రాయం అక్కడ అప్పటికే బలంగా ఉంది. పత్రిక దానికో సాక్ష్యం చేతికిచ్చింది. మీడియా సమాజాన్ని చీలుస్తోందంటే, లేని ద్వేషాన్ని కొత్తగా పుట్టిస్తోందని అనుకుంటాం. నా ఉద్దేశంలో ఎక్కువగా జరిగేది అది కాదు. జనం మనసుల్లో ముందే ఉన్న అనుమానానికి 'చూశారా, మేం అప్పుడే చెప్పలేదా' అనిపించే ఆధారం రోజూ ఇంటికి చేరుతోంది.

దానికి అబద్ధం కూడా అక్కర్లేదు. దొంగతనం చేసినవాడి మతమో, జాతో శీర్షికలోకి ఎక్కితే చాలు. నేరం జరిగిన మాట నిజమే, నిందితుడిది ఆ వర్గమన్నదీ నిజమే. కానీ ఇంకో వర్గం వాడు అదే పని చేసినప్పుడు 'యువకుడి అరెస్ట్' అని రాసి ఊరుకుంటే, కొన్నాళ్లకు పాఠకుడి మనసులో ఒక వర్గం పేరే నేరంతో ముడిపడిపోతుంది. ఇందులో ఏ ఒక్క వార్తనూ తప్పని నిరూపించలేం. అందుకే దీన్ని నేను అబద్ధం కంటే ప్రమాదకరం అంటాను. అబద్ధమైతే కనీసం సవరణ వేయమని అడగొచ్చు.

అమెరికాలో రాజనీతి శాస్త్రవేత్త శాంటో అయ్యంగార్ 1980ల్లో టీవీ వార్తలపై చేసిన ప్రయోగాలు ఇక్కడ గుర్తుకొస్తాయి. పేదరికాన్ని ఒక మనిషి కథగా చూపిస్తే, చూసినవాళ్లు ఎక్కువగా ఆ మనిషినే తప్పుపట్టారు. అదే పేదరికాన్ని ఒక సామాజిక సమస్యగా చూపిస్తే బాధ్యత ప్రభుత్వం మీదికి, సమాజం మీదికి మళ్లింది.

ఇక టీవీ చర్చలు. విలేకరిని ఘటనాస్థలానికి పంపి నాలుగు రోజులు ఉంచడం ఖర్చుతో కూడిన పని, స్టూడియోలో నలుగురిని కూర్చోబెట్టడం చవక. అందులోనూ గట్టిగా అరిచేవాళ్లకే పిలుపు. 'మీరన్నదాంట్లో కొంత నిజముంది' అని మొదలుపెట్టేవారికి రెండో వాక్యం దాకా మైక్ ఉండదు. చూసేవాళ్లకు మాత్రం అవతలి వర్గమంతా ఆ అరిచే మనిషిలాగే ఉంటుందనిపిస్తుంది.

ఇదంతా అతిశయోక్తి, జనం అంత తేలిగ్గా నమ్మరు అనేవాళ్లున్నారు. వాళ్లకు జవాబు మళ్లీ హిల్స్‌బరో దగ్గరే ఉంది. ఆ కథనం తర్వాత లివర్‌పూల్ ఉన్న మెర్సీసైడ్ ప్రాంతంలో చాలామంది ద సన్ కొనడం మానేశారు, ఆ బహిష్కరణ దశాబ్దాల పాటు సాగింది. అది యూరోపియన్ యూనియన్‌కు వ్యతిరేకంగా గట్టిగా రాసే పత్రిక. ఫ్లోరియన్ ఫూస్, డేనియల్ బిషోఫ్ 2022లో ప్రచురించిన అధ్యయనంలో, బహిష్కరణ తర్వాత మెర్సీసైడ్‌లో ఈయూ వ్యతిరేకత మిగతా ప్రాంతాలతో పోలిస్తే తగ్గిందని తేలింది. వాళ్లు పత్రిక మానేసింది తమవాళ్లను అవమానించినందుకే, యూరప్‌తో దానికి సంబంధం లేదు. రోజూ తలకెక్కే మాట ఆగిపోతే, అడగని విషయంలో కూడా అభిప్రాయం మారింది.

కాబట్టి 'మీడియా మారాలి' అని ఊరికే అనేకన్నా రెండు నిర్దిష్టమైన పనులు అడగడం మేలు. నిందితుడి వర్గం పేరు లేకపోతే వార్త అర్థం కాదనుకున్నప్పుడే దాన్ని రాయాలి, ఆ నియమం అన్ని వర్గాలకూ ఒకేలా ఉండాలి. తప్పు ఏ పేజీలో, ఏ సైజులో అచ్చయిందో సవరణ కూడా అక్కడే, అంతే సైజులో రావాలి. టీవీలో అయితే అదే బులెటిన్‌లో, అదే యాంకర్ నోట చెప్పించాలి.