తల్లిని చూపించని చోట కుక్కపిల్లను కొనొద్దు

"తల్లి ఫామ్‌లో ఉందన్నా, పిల్లల్నే ఇక్కడికి తెచ్చాం." నాలుగేళ్ల కిందట కూకట్‌పల్లిలో ఓ అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో అమ్మే అతని నోట ఈ మాట విని కూడా మేం లాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నాం. దానికి అప్పుడు 35 రోజులు. మా పాప దాన్ని ఒళ్లోకి తీసుకున్నాక ఇక ఏ ప్రశ్నా నోటికి రాలేదు. తొమ్మిదో నెలలో మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్లు రెండూ కలిపి కుందేలులా గెంతడం మొదలుపెట్టింది. నున్నటి టైల్స్ మీద కూర్చుంటే, లేవడానికి ముంగాళ్లతో ఒళ్లంతా ఈడ్చుకునేది. ఎక్స్‌రే తీస్తే తొడ ఎముక తుంటి గుంటలో సరిగా కుదురుకోలేదని తేలింది. హిప్ డిస్‌ప్లేసియా అన్నారు.

ఇది చాలావరకు వంశంలో వచ్చే జబ్బు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, రాట్‌వైలర్ లాంటి పెద్ద జాతుల్లో ఎక్కువ. నెలన్నర పిల్లను ఎంత తిప్పి చూసినా తెలియదు. అందుకే తల్లికీ తండ్రికీ రెండేళ్లు నిండాక తుంటి ఎక్స్‌రే తీయించి, బాగున్నవాటికే క్రాసింగ్ చేయించాలి. మనం మాత్రం "పేపర్స్ ఉన్నాయా?" అని అడిగి ఊరుకుంటాం. జాతి కుక్కల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే ఆ కాగితం వంశం చెబుతుంది, తుంటి ఎలా ఉందో చెప్పదు.

పాడిని చూసి బర్రెను, తల్లిని చూసి పిల్లను తెచ్చుకోమన్నారు పెద్దలు. పదేళ్లు ఇంట్లో తిరిగే కుక్కను మాత్రం వాట్సాప్ ఫొటో చూసి, అడ్వాన్స్ పంపి, మియాపూర్ మెట్రో దగ్గర చేతికి తీసుకుంటున్నాం. తల్లిని చూస్తే దాని స్వభావం తెలుస్తుంది, అది ఉంటున్న చోటు తెలుస్తుంది. బోనులో ఈత మీద ఈత ఈనుతుంటే అదీ తెలుస్తుంది.

చట్టం లేక కాదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్, అంటే కుక్కల్ని ఈనించి పిల్లల్ని అమ్మేవారు, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ కావాలి. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. ఆడకుక్కకు 18 నెలలు నిండాకే క్రాసింగ్, ఏడాదికి ఒక్క ఈత, జీవితంలో ఐదుకు మించకూడదు. ఆ 8 వారాలు ఊరికే పెట్టలేదు. ఎంత గట్టిగా కొరికితే నొప్పి పుడుతుందో పిల్ల నేర్చుకునేది తోబుట్టువులతో ఆడుకుంటూనే. చిన్నపిల్లలున్న ఇంటికి ఇది చాలా అవసరం.

ధర దగ్గర బేరమాడేవాళ్లు ఈ విషయాల్లో మొహమాటపడటం నాకు బాధగా ఉంటుంది. రిజిస్ట్రేషన్ కాగితం, ఎక్స్‌రే రిపోర్టు చూపించమంటే మంచి బ్రీడర్ చిన్నబుచ్చుకోరు.

ఈసారి ఇంకో పిల్ల కోసం శామీర్‌పేట వైపు ఒక బ్రీడర్ దగ్గరికి వెళ్లాం, ఆమె ఇంట్లోనే. తల్లి కుక్క మా చెప్పులు వాసన చూసి వచ్చి పక్కనే పడుకుంది. ఫైల్లోంచి ఎక్స్‌రేలు తీసి చూపించారు. ఆ తర్వాత ప్రశ్నలన్నీ ఆవిడవే. మధ్యాహ్నం ఇంట్లో ఎవరుంటారు? ఎన్నో అంతస్తు, లిఫ్ట్ ఉందా? త్వరగా పెరగాలని కాల్షియం టానిక్ పోస్తారా? పెద్ద జాతి పిల్లకు కాల్షియం ఎక్కువైతే ఎముకలు చెడతాయనీ, బొద్దుగా మేపొద్దనీ గట్టిగా చెప్పారు. తల్లి మొన్ననే ఈనింది, ఆ పిల్లలన్నిటినీ వేరేవాళ్లు ముందే మాట్లాడుకున్నారు, వచ్చే ఏడు దసరా దాకా ఆగాలన్నారు.

పాప రోజులు లెక్కపెడుతోంది. ఆగుతున్నాం.