తాళంచెవి వాళ్ల దగ్గర, బిల్లు మన దగ్గర

మా బావగారు రిటైరైన తెలుగు లెక్చరర్. చూపు మందగించడం మొదలయ్యాక, అక్షరాలు పెద్దవి చేసుకుని చదువుకోవచ్చని ఈ-బుక్కులకు అలవాటుపడ్డారు. ఆరేళ్లలో అరవై నాలుగు పుస్తకాలు కొన్నారు. ప్రతిదానికీ డబ్బు కట్టారు, ప్రతి బిల్లూ దాచుకున్నారు. కిందటేడు వేసవి సెలవుల్లో మనవడు ఏదో వీడియో సాఫ్ట్‌వేర్‌కు దొంగ కాపీ దింపుకుంటే, దానితోపాటు రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే వైరస్, వచ్చిపడింది. ప్రతి ఫైలు పేరు చివరా అర్థం లేని నాలుగు అక్షరాలు చేరాయి. ప్రతి ఫోల్డర్‌లోనూ ఒకే ఉత్తరం: 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోగా అయితే 490 చాలు.

ఆయన పైసా కట్టలేదు. కట్టాల్సిన అవసరం కూడా లేకపోయింది. అంతకు నెల ముందే కంప్యూటర్‌లో ఉన్నదంతా ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టుకున్నారు. కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయించి ఆ డిస్కు తగిలించారు. పెళ్లి ఫొటోలు వచ్చాయి, పెన్షన్ కాగితాలు వచ్చాయి, అరవై నాలుగు పుస్తకాల ఫైళ్లూ చెక్కుచెదరకుండా వచ్చాయి. కానీ ఆ పుస్తకాల్లో ఒక్కటీ తెరుచుకోలేదు.

కారణం డీఆర్‌ఎం అనే డిజిటల్ తాళం. అమ్మినవారు అనుమతించిన యంత్రంలో తప్ప ఫైలును తెరుచుకోనివ్వదు. ఆ తాళంచెవి పాత విండోస్‌లో ఎక్కడో దాగి ఉంది, ఫార్మాట్‌తో పాటే పోయింది. పుస్తకాలు చదివే సాఫ్ట్‌వేర్‌ను మొదటిసారి ఎక్కించినప్పుడు, ఖాతా లేకుండానే మొదలుపెట్టవచ్చన్న గడిలో ఆయన టిక్కు పెట్టారు. అలా పెడితే కొన్న ప్రతి పుస్తకమూ ఆ ఒక్క యంత్రానికే కట్టుబడి ఉంటుందని ఆయనకు విడమరిచి చెప్పినవారు లేరు. సరే, మళ్లీ దింపుకుందామని దుకాణం సైటుకు వెళ్తే తెర మీద వచ్చిన సందేశాన్ని పక్కనే కూర్చుని నేనే చదివాను. ఈ లైసెన్సును, అంటే పుస్తకం తెరిచే అనుమతిని, ఇప్పటికే వేరొక వాడుకరి తీసుకున్నారట.

ఎవరా వేరొక వాడుకరి? వైరస్ రాకముందు అదే కుర్చీలో కూర్చున్న మా బావగారే!

నాకు కోపం తెప్పించింది వైరస్ కాదు. దాన్ని రాసినవాడు దొంగ, దొంగతనమే చేశాడు. ఆ దొంగ నుంచి మా బావగారు తన సొత్తును కాపాడుకున్నారు. కాపాడుకున్న సొత్తును ఆయనకు దక్కకుండా చేసింది డబ్బు పుచ్చుకుని అమ్మినవారి తాళం. పైరసీని ఆపడానికే ఈ తాళమంటారు. మరి పైరసీ కాపీ చదివేవాడికి ఈ ఇబ్బంది ఏ రోజైనా వచ్చిందా? వాడి ఫైలుకు అసలు తాళమే ఉండదు. కంప్యూటర్ పాడైతే పావుగంటలో మళ్లీ దింపుకుంటాడు. బిల్లులు దాచుకున్న పెద్దమనిషి మాత్రం తాను తానేనని రుజువు చేసుకోవడానికి నెలల తరబడి మెయిళ్లు రాస్తూ కూర్చోవాలి.

తాళం తీసేస్తే ఒకరు కొని వందమందికి పంచుతారని అమ్మకందారులు అంటారు. రచయితల కడుపు కొట్టకూడదన్న మాట న్యాయమైనదే, కాదనను. కానీ తన పాటల దుకాణమైన ఐట్యూన్స్‌లో పాటల మీద ఉన్న తాళాలను ఆపిల్ 2009లోనే తీసేసింది. పాటల అమ్మకం ఆగిపోలేదు. కొన్నవన్నీ మా క్లౌడ్‌లో భద్రంగా ఉంటాయి కదా అన్నది వాళ్ల రెండో మాట. దుకాణం నడిచినన్నాళ్లు ఉంటాయి. 2008లో యాహూ తన పాటల దుకాణాన్ని మూసి, తాళంచెవులిచ్చే లైసెన్సు సర్వర్లను ఆపేస్తే, కొన్నవాళ్లకు తమ పాటలను కొత్త కంప్యూటర్‌లోకి మార్చుకునే దారి మూసుకుపోయింది. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్కుల దుకాణం కట్టేసినప్పుడు డబ్బు తిరిగి ఇచ్చింది, పుస్తకాలను మాత్రం వెనక్కి తీసుకుంది.

మన చట్టం ఈ విషయంలో సగం దూరం వచ్చి ఆగిపోయింది. 1957 నాటి కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ చూడండి. కంప్యూటర్ ప్రోగ్రామును న్యాయంగా పొందినవాడు, అది పోయినా పాడైనా అక్కరకు వచ్చేలా బ్యాకప్ కాపీ తీసుకోవచ్చని అందులో స్పష్టంగా ఉంది. ఆ వెసులుబాటు కంప్యూటర్ ప్రోగ్రాములకే. పుస్తకానికి, పాటకు, సినిమాకు అంత స్పష్టమైన మాట లేదు. ఇక 2012 సవరణతో వచ్చిన 65ఎ సెక్షన్, హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో డిజిటల్ తాళం పగలగొడితే రెండేళ్ల దాకా జైలు అంటుంది. చట్టం నిషేధించని పని కోసమైతే తప్పు లేదని అక్కడే మినహాయింపూ ఇస్తుంది. బాగానే ఉంది. కానీ ఆ తాళం తీయడంలో మీకు సాయపడినవాడు మీ పేరు, చిరునామా, వివరాలన్నీ రాసి ఉంచాలట. ఏ కంప్యూటర్ రిపేరు కుర్రవాడు ఈ తలనొప్పి నెత్తికెత్తుకుంటాడు? హక్కు కాగితం మీద ఉంది, దాన్ని వాడుకునే దారి మూసి ఉంది. 52వ సెక్షన్‌లోని బ్యాకప్ హక్కును డబ్బు పెట్టి కొన్న ప్రతి డిజిటల్ సరుకుకూ విస్తరించాలి. తాళం వేసి అమ్మినవాడే, కంప్యూటర్ నాశనమైనప్పుడు తాళంచెవి మళ్లీ ఇచ్చి తీరాలని అందులో చేర్చాలి.

పన్నులశాఖకు మాత్రం అసలు సంగతి ముందే తెలుసు. అచ్చు పుస్తకానికి జీఎస్టీ లేదు. అదే పుస్తకం ఈ-బుక్కుగా వస్తే సేవ అని లెక్కగట్టి పన్ను వేస్తారు. మొదట 18 శాతం ఉండేది, అచ్చులోనూ ఉన్న పుస్తకాలకు 2018లో 5 శాతానికి దించారు. పన్ను వేసేటప్పుడు సేవ, బటన్ మీద మాత్రం ‘కొనండి’! అమ్మేది లైసెన్సే అయినప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పకుండా కొనుగోలు అన్న మాట వాడకూడదని కాలిఫోర్నియా రాష్ట్రం చట్టం చేసి 2025 జనవరి 1 నుంచి అమల్లో పెట్టింది. అక్కడివాళ్లు కనీసం మాట దగ్గరైనా పట్టుకున్నారు.

నా దిగులు ఇంకొకటుంది. హైదరాబాద్‌లో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెం సారస్వత నికేతనం మొదలయ్యాయి. అటువంటి గ్రంథాలయాలకు జనం తమ ఇళ్లలోని పుస్తకాలు మోసుకెళ్లి ఇచ్చేవారు. ఎక్కడా దొరకని పాత పత్రిక కోసం పరిశోధకులు ఇవాళ్టికీ వేటపాలెం రైలెక్కుతున్నారంటే, ఒకప్పుడు ఎవరో కొని, చదివి, దాచి, ఇచ్చి వెళ్లారు కాబట్టే. మా బావగారి దగ్గర నాలుగు అలమారల అచ్చు పుస్తకాలున్నాయి. ఊరి గ్రంథాలయానికి ఇవ్వాలని వీలునామాలో రాసుకున్నారు. అరవై నాలుగు ఈ-బుక్కులను ఏమని రాస్తారు? వైరస్ రాకపోయినా అవి ఆయన తరువాత ఇంకొకరి చేతికి వెళ్లేవి కావు. కేవలం ఈ-బుక్కుగానే వస్తున్న తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఎన్నో. వాటిని నూరేళ్ల తరువాత ఏ ఊళ్లో వెతుక్కోవాలి?

అన్యాయమైన ఒప్పందంలోని షరతు చెల్లదని ప్రకటించే అధికారాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం రాష్ట్ర కమిషన్లకు ఇచ్చింది. మా బావగారు ఫిర్యాదు రాయడం పూర్తిచేశారు. అరవై నాలుగు బిల్లులూ వరుసగా పెట్టి, ఆ సందేశం ఉన్న తెర ఫొటోను అన్నిటికంటే పైన పిన్ను చేశారు. ఫొటో కింద తన చేతిరాతతో ఒక వాక్యం రాశారు: ఇందులో చెప్పిన వేరొక వాడుకరిని నేనే.